గ్రిల్లు వెనక అట్టముక్క

ఎఫ్రెన్ మాలిగ్ తన భార్యను చంపాడని నమ్మడానికి సార్జెంట్ లైల్ మెకార్గర్ దగ్గర నాలుగు కారణాలున్నాయి. చంపలేదని నమ్మడానికి డారియా హాలిక్ దగ్గర ఉన్నది ఒక్కటే. చనిపోయిన ఆ భార్య, నీవెస్, డారియా తల్లికి చివరి రెండేళ్ళూ వృద్ధాశ్రమంలో చెంచాతో సూపు తాగించిన మనిషి. అలాంటి ఇల్లాలి మొగుడు అలాంటి పని చేయడు అనేది సాక్ష్యం కిందికి రాదని డారియాకు తెలుసు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న కార్ల కింద దూరి, ఆ తర్వాత ఆరేళ్ళుగా సొంతంగా పరిశోధనలు చేస్తున్న ఆవిడకు ఆ మాత్రం తెలియకపోతే ఈ వృత్తి మానేసి స్వెట్టర్లు అల్లుకోవచ్చు.

లోరిమర్ పోలీస్ స్టేషన్ గోడ మీద గడియారం పదకొండూ యాభై చూపిస్తోంది. మూడింటికి సర్కారు వకీలు వస్తాడు. ఆయన సంతకం పెడితే ఎఫ్రెన్ మీద హత్యానేరం ఖాయం. పంతొమ్మిదేళ్ళ కూతురు జొవెలిన్‌కు మంగళవారం తల్లి పోయింది. ఈ శుక్రవారం తండ్రి కూడా పోతాడు.

ములాఖత్ గదిలో ఎఫ్రెన్ చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టే చేతులు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. ఏడవడం కూడా అయిపోయినట్టుంది, కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"మంగళవారం పొద్దున్న ఏం చేశావో నిమిషాలతో సహా చెప్పు," అంది డారియా.

అతను చెప్పాడు. ఆరూ పదిహేనుకు బయటికి వెళ్ళాడు. మైనస్ ముప్పై ఒక్క డిగ్రీల చలి. ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటుకు తగిలించి ఉంచిన తీగ పీకాడు, కారు స్టార్ట్ చేశాడు, అద్దాల మీద మంచు గీకాడు. వెనక మోకాళ్ళ మీద కూర్చుని, సైలెన్సర్ మూతిలో మంచేమైనా ఉందేమోనని వేళ్ళు పెట్టి చూశాడు. రోజూ చేసే పనే. ఆరూ ముప్పై అయిదుకు నీవెస్ బయల్దేరింది. ఆమె పనిచేసే వృద్ధాశ్రమం పదకొండు కిలోమీటర్లు. ఏడుకు అయిదు నిమిషాలు ఉందనగా చేరుతుంది. డ్యూటీ ఏడున్నరకు. ఆ అరగంటా కారులోనే కూర్చుని జపమాల తిప్పుకుంటుంది. రోజు మొత్తంలో ఆమెకు ఎవరూ పని చెప్పని సమయం అదొక్కటే. ఆ మంగళవారం డ్యూటీకి రాలేదేమిటని ఏడూ నలభైకి సూపర్‌వైజర్ బయటికొచ్చి చూస్తే, జపమాల చేతిలోనే ఉంది, ప్రాణం లేదు. పొగ మింగేసింది.

కారు కొన్నది డిసెంబర్ పంతొమ్మిదిన, గార్త్ స్వెన్‌సన్ సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే లాట్‌లో. వారం తిరక్కుండానే మొదలైంది. హీటర్ వేడెక్కదు. కాలిన వాసన. నీవెస్‌కు తలనొప్పి. జనవరి తొమ్మిదిన ఎఫ్రెన్ దాన్ని మళ్ళీ గార్త్ దగ్గరికి తోలుకెళ్ళాడు. సగం రోజు ఉంచుకుని బాగుచేశామన్నారు. చీటీ ఏదీ ఇవ్వలేదు. ఇప్పుడు గార్త్ మాత్రం, అమ్మిన రోజు తర్వాత ఆ కారు మొహమే చూడలేదని పోలీసులకు చెప్పాడు.

"ఆయన ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు మేడమ్. నేను వచ్చి నాలుగేళ్ళు. నా మాట ఎవరు వింటారు?"

"నేను వింటున్నానుగా. హీటర్‌కి ఏం చేశామన్నారు?"

"ఇంజన్ ముందు ఏదో పెట్టామన్నారు. ఇక వెచ్చగా ఉంటుందన్నారు. వాసన సంగతి అడిగితే, పాత కారు కదా, కొన్నాళ్ళకు పోతుందన్నారు."

తర్వాత అతను అడిగింది తన గురించి కాదు, కూతురి గురించి. నీవెస్ చెల్లెలు మనీలా నుంచి అంత్యక్రియలకు వస్తోంది. మూడింటికి రెజైనా ఎయిర్‌పోర్టులో దిగుతుంది. ఇక్కణ్ణించి రెండు గంటల దారి. జొవెలిన్ ఎలా వెళ్తుంది?

డారియా ధైర్యం చెప్పింది. జొవెలిన్ పొద్దున ఫోన్ చేసింది. ఎవరో కారు ఇస్తామన్నారట, తీసుకోమంటారా అని అడిగింది. ఈ చలిలో బస్సుల కోసం నిలబడొద్దు, తీసుకో అని డారియాయే చెప్పింది. దారిలో ఒంట్లో బాగోకపోయినా, రోడ్డు కనబడకపోయినా పక్కకు ఆపేసి కారులోనే ఉండు, దిగకు, ఇంజన్ ఆపకు, ఎవరో ఒకరు వస్తారు అని కూడా చెప్పింది. ఈ మైదానాల్లో పెద్దవాళ్ళందరూ చిన్నవాళ్ళకు చెప్పే మాటే అది. కారు దిగి నడిచినవాళ్ళు వసంతంలో మంచు కరిగాక దొరుకుతారు.

"ఎవరిది మేడమ్ ఆ కారు?"

"ఎవరో పుణ్యాత్ములు. అడగలేదు," అంది డారియా. ప్రశ్నలు అడిగి బతికే మనిషి ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు.

పన్నెండూ ఇరవైకి ఆమె లైల్ గదిలోకి వెళ్ళింది. సార్జెంట్ భోజనం చేస్తున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక గ్యారేజీ తగలబడ్డ కేసులో అతను పట్టుకున్నవాణ్ణి డారియా నిర్దోషిగా నిలబెట్టింది. అప్పట్నించీ ఆవిణ్ణి చూస్తే అతనికి ఆకలి చచ్చిపోతుంది. చేతిలో శాండ్‌విచ్ కింద పెట్టేశాడు.

"వచ్చావా తల్లీ. ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను."

"నీ నాలుగు కారణాలూ ఒక్కసారి చెప్పు లైల్. వినాలని ఉంది."

వేళ్ళు మడిచి చెప్పాడు. ఎఫ్రెన్ కారు వెనక మోకరిల్లి సైలెన్సర్‌లో చెయ్యి పెట్టడం ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది. ఆ సైలెన్సర్ నిండా మంచు కూరి ఉంది. ఆదివారం మొగుడూ పెళ్ళాం కారు గురించే గొడవపడ్డారు, "ఇది నిన్ను చంపేదాకా వదలదు" అని అతను అరవడం పక్కింటివాళ్ళకు వినబడింది. నాలుగోది, గార్త్ దగ్గరికి తీసుకెళ్ళానని అబద్ధం చెప్పాడు.

"మంచు తీయడానికి చెయ్యి పెట్టాడేమో. నువ్వు పెట్టవా?"

"పెడతాను. నా పెళ్ళాం బతికే ఉంది."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అతని మొహమే చెప్పింది. డారియా పట్టించుకోలేదు. మొదటి రిపోర్టు అడిగి తీసుకుని, నిలబడే చదివింది. మూడో పేజీలో ఒక చోట వేలు పెట్టింది, అయిదో పేజీలో మరో చోట.

"ఇది నువ్వే రాశావు. ఏడూ యాభై రెండుకు నువ్వు వెళ్ళేదాకా ఎవరూ తాళం ముట్టుకోలేదు, ఇంజన్ నడుస్తోంది. నువ్వే తాళం తిప్పి ఆపావు."

"అవును."

"ఇదీ నువ్వే రాశావు. సైలెన్సర్‌లో మంచు రాయిలా ఉంది, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవాల్సి వచ్చింది. పొగ పోయే దారి రాయిలా మూసుకుపోతే ఇంజన్ ఎంతసేపు నడుస్తుంది?"

ఈ ఊళ్ళో పుట్టిన లైల్‌కు జవాబు తెలుసు. నాలుగు నిమిషాలు. మహా అయితే అయిదు. తర్వాత ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

మిగతాది డారియా ఆశ్రమంవాళ్ళను ముందే అడిగి పెట్టుకుంది. ఏడూ అయిదుకు మంచు తోసే బండి వచ్చింది. నీవెస్ కారు వెనకనుంచి నడుము ఎత్తున మంచు నెట్టుకుంటూ పోయింది. సైలెన్సర్ మూసింది ఆ బండి. ఎఫ్రెన్ ఇంటి దగ్గరే దాన్ని కూరి ఉంటే కారు పదకొండు కిలోమీటర్లు వచ్చేదే కాదు, ఇంజన్ ఆగిపోయేది, లేదంటే తోలే మనిషే దారిలో సోలిపోయేది. మూసుకున్నాక కూడా నలభై ఏడు నిమిషాలు ఇంజన్ నడిచిందంటే పొగకు ఇంకో దారి ఉంది.

"ఆ దారి ఎక్కడుందో చూశావా?"

"మా మెకానిక్ సోమవారం వస్తాడు," అన్నాడు లైల్.

"వకీలు మూడింటికి వస్తాడు. పద."

కారు స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఉంది. వెండి రంగు, పదేళ్ళది. అద్దం దగ్గర చిన్న మేరీమాత బొమ్మ వేలాడుతోంది. లైల్ జాకీతో ముందుభాగం ఎత్తించాడు. డారియా చక్రాల చెక్క మీద వెల్లకిలా పడుకుని టార్చి పట్టుకుని కిందికి దూరింది. యాభై ఎనిమిదేళ్ళ నడుము అందుకు ఒప్పుకోలేదు. దాని మాట వినడం ఆమె ఎప్పుడో మానేసింది.

అయిదు నిమిషాలు వెతికింది. తర్వాత కారు కింద నుంచి ఆమె గొంతు ఒక్కో సంగతీ చెప్పింది, లైల్ రాసుకున్నాడు. ఇంజన్ నుంచి వచ్చే పొగ గొట్టంలో, వంగడానికి వీలుగా ఉండే అల్లిక భాగం నాలుగు వేళ్ళ మేర చీలిపోయింది. చీలిక చుట్టూ ఎవరో ఆహారం డబ్బా కోసి రేకు చుట్టారు, రెండు క్లాంపులు బిగించారు. ఒక క్లాంపు తెగి పడిపోయింది. రేకు పక్కకు జారి వేలాడుతోంది. సరిగ్గా దానికి పైన అడుగు రేకు తుప్పు పట్టి అరచేతంత కన్నం పడింది. కన్నానికి నల్ల టేపు అంటించారు. వేడికి టేపు కరిగి ముడుచుకుపోయింది.

అంటే పొగ నేరుగా నీవెస్ కాళ్ళ దగ్గరికి వచ్చింది. ముందు కొద్దికొద్దిగా, రోజూ తలనొప్పి తెప్పించేంత. మంగళవారం వెనక దారి మూసుకుపోయాక మొత్తం లోపలికే. ఆ అరగంట విశ్రాంతే ఆమెను చంపింది. డారియా కళ్ళు తుడుచుకుని, గ్రీజు అంటిందని తిట్టుకుంటూ బయటికొచ్చింది.

లైల్ కాగితం మడిచాడు. "సరే, మంచు కూరలేదు. ఒప్పుకున్నాను. కానీ ఆ రేకు అతనే చుట్టి ఉండొచ్చుగా? పాత కారు, దొరికిన డబ్బా. చుట్టినవాడే క్లాంపు వదులు చేసి ఉండొచ్చు. గార్త్ ఈ కారు మళ్ళీ చూడలేదన్నాడు. చూశాడని నీ దగ్గర రుజువుందా?"

లేదు. ఆమె బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఒంటి గంటకు అయిదు నిమిషాలుంది. ఎఫ్రెన్ మాట, గార్త్ మాట. ఒకటి కొత్తగా వచ్చినవాడిది, ఒకటి హాకీ జట్టుకు చొక్కాలు కొనిపెట్టేవాడిది. వకీలు ఎటు మొగ్గుతాడో ఆమెకు తెలుసు.

ఇంజన్ ముందు ఏదో పెట్టామన్నారు.

ఆమె వంగి కారు ముందు గ్రిల్లులోకి టార్చి వేసింది. రేడియేటర్‌కు అడ్డంగా ఒక అట్టముక్క దోపి ఉంది.

"అదా?" లైల్ నవ్వాడు. "నా కారుకూ ఉంది. నీ కారుకూ ఉంది. చలిగాలి కొట్టకుండా ఊరంతా పెట్టుకునేదే కదా."

"నీ కారుకు పెట్టింది నువ్వు. దీనికి పెట్టింది ఎవరు?"

బానెట్ ఎత్తి, అట్టను మెల్లగా పైకి లాగింది. బయటివైపు ఖాళీ. అందుకే ఎవరి కళ్ళూ దాని మీద ఆగలేదు. రేడియేటర్ వైపు తిప్పి చూస్తే కొరియర్ చీటీ అలాగే అంటుకుని ఉంది. వేడికి అంచులు గోధుమరంగు తిరిగాయి కానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. చేరవలసిన చోటు: గార్త్ స్వెన్‌సన్ లాట్, లోరిమర్. పంపిన తేదీ: జనవరి ఆరు. లోపలి వస్తువు: పొగ గొట్టానికి వేసే అల్లిక ముక్కలు, రెండు. చీటీ పక్కన లావు కలంతో ఎవరో రెండు అంకెలు రాశారు. 14, 15.

డారియా దాన్ని లైల్ చేతిలో పెట్టింది.

"డిసెంబర్ పంతొమ్మిదిన అమ్మేసిన కారులోకి, జనవరిలో గార్త్‌కు వచ్చిన పెట్టె ఎలా దూరింది సార్జెంట్ గారూ? ఎఫ్రెన్ గార్త్ చెత్తబుట్టలో వెతుక్కున్నాడా?"

లైల్ ఆ చీటీని రెండుసార్లు చదివాడు. తప్పు ఒప్పుకోవడం ఆ మనిషికి పన్ను పీకించుకోవడంతో సమానం. చివరికి అట్టను జాగ్రత్తగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గార్త్ స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టడానికి వచ్చి లోపలే కూర్చున్నాడని చెప్పాడు.

"ముందు నేను మాట్లాడతాను," అంది డారియా.

"ఇద్దరం మాట్లాడదాం," అన్నాడు లైల్. అతని గొంతులో వెటకారం లేకపోవడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

గార్త్ స్వెన్‌సన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. భారీ మనిషి, మెత్తటి మాట. డారియా అతని చేత అబద్ధం మూడుసార్లు చెప్పించింది. అమ్మాక కారు చూశావా? లేదు. జనవరిలో ఎఫ్రెన్ వచ్చాడా? రాలేదు. పొగ వాసన గురించి ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. మూడోసారి అయ్యాక లైల్ సంచిని బల్ల మీద పెట్టాడు, చీటీ పైకి వచ్చేలా.

ఒంటి గంటా ఇరవై రెండు. గార్త్ మొహంలో రక్తం మెడ దాకా దిగిపోయింది.

"నేను రాక్షసుణ్ణి కాను డారియా."

"కాదు. సంగతి చెప్పు."

చెప్పాడు. ఒక టాక్సీ కంపెనీ మూతపడితే వేలంలో రెండు వెండి రంగు కార్లు కొన్నాడు. లాట్‌లో వాటి నంబర్లు పద్నాలుగు, పదిహేను. పద్నాలుగు మాలిగ్‌వాళ్ళకు అమ్మాడు. ఎఫ్రెన్ తొమ్మిదిన తెచ్చాడు, నిజమే. రెండు కార్లకూ ఒకే చోట చీలిక, ఒకే చోట తుప్పు, కవల పిల్లల్లా. పదిహేనులో ముందే కనబడింది కాబట్టి రెండింటికీ ముక్కలు తెప్పించి పెట్టుకున్నాడు. తీరా చూస్తే అవి కొలత తక్కువ వచ్చాయి. వెనక్కి పంపి, సరైనవి వచ్చేదాకా ఆగుతుందిలే అని రెండింటికీ డబ్బా రేకు చుట్టించాడు. ఖాళీ పెట్టె కోసి, హీటర్ కోసం అట్ట పెట్టించాడు. ఆ తర్వాత చలి ముదిరింది, ఊళ్ళో సగం కార్లు స్టార్ట్ కాక లాట్ ముందు బారులు తీరాయి. మర్చిపోయాడు. మంగళవారం వార్త విన్నాక భయమేసి అబద్ధమాడాడు. తన భయానికి ఇంకొకడు జైలుకు పోతాడని తెలిసీ ఆడాడు.

గది తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌తో, వకీలుకు ఫోన్ చేసి మాలిగ్ మీద కేసు లేదని చెప్పమన్నాడు లైల్. డారియా కుర్చీలో వెనక్కి వాలింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకుంది. జొవెలిన్‌కు ఫోన్ చేసి చెప్పాలి, పిన్నితో కలిసి ఇంటికొచ్చేసరికి నాన్న ఇంట్లోనే ఉంటాడని.

గార్త్ ఇంకా మాట్లాడుతున్నాడు. క్షమించమని అడిగే మనిషి తను చేసిన మంచి పనులన్నీ ఏకరువు పెట్టడం మామూలే. "నాకూ కడుపు తరుక్కుపోయింది డారియా. పొద్దున ఆ పిల్లకు నేనే ఫోన్ చేశాను. ఎయిర్‌పోర్టుకు వెళ్ళాలని తెలిసింది. డబ్బేమీ వద్దు, కారు ఉంచుకోమన్నాను. నిన్నో మొన్నో చేసిన పాపానికి నాకు తోచింది అదీ."

డారియా కదల్లేదు. "ఏ కారు?"

గార్త్ నోరు తెరిచాడు. చూపు బల్ల మీది అట్టముక్క మీదికి పోయింది, లావు కలంతో రాసిన 15 మీద ఆగిపోయింది.

"రాత్రంతా కరెంటుకు తగిలించి ఉన్నది అదొక్కటే," అన్నాడు గొణుగుతున్నట్టు. "ఇంకేదీ స్టార్ట్ కాలేదు. రేకు పట్టుకునే ఉంటుందనుకున్నాను."

లైల్ కుర్చీ వెనక్కి పడిపోయింది. అతను రేడియోలో హైవే పోలీసులను పిలుస్తుండగా డారియా ఫోన్ నొక్కింది. పన్నెండున్నరకు బయల్దేరతానని జొవెలిన్ పొద్దునే చెప్పింది. అంటే దాదాపు గంట. అద్దాలన్నీ బిగించి, హీటర్ పెట్టుకుని, మైనస్ ముప్పై నాలుగు డిగ్రీల చలిలో గంట.

ఆరు మోతలు మోగాక ఎత్తింది.

"తీతా," అంది జొవెలిన్. వాళ్ళ భాషలో పిన్ని వరసవాళ్ళను అలా పిలుస్తారు. నీవెస్ పోయినప్పటినుంచీ ఆ పిల్ల డారియాను అలాగే పిలుస్తోంది. మాట ముద్దగా వచ్చింది. "నాన్న... ఏమన్నారు?"

"నాన్న వచ్చేస్తున్నాడు. నా మాట విను. కారు వెంటనే పక్కకు ఆపు."

"ఆపేశాను. ఎప్పుడో. తల పగిలిపోతోంది తీతా. నిద్రొస్తోంది."

"ఎక్కడున్నావు? బోర్డు ఏదైనా కనబడుతోందా?"

"అంతా తెల్లగా ఉంది." నవ్వినట్టుంది. "ఈ కారులో హీటర్ బాగుంది. అమ్మ ఎంత చలికి వణికేదో... ఇదైతే అమ్మకు నచ్చేది."

"జొవెలిన్, తలుపు తెరువు. ఇంజన్ ఆపేసి దిగు. ఇప్పుడే దిగు."

అటువైపు ఊపిరి బరువుగా తీస్తున్న చప్పుడు. లైల్ రేడియో పట్టుకుని డారియా మొహంలోకే చూస్తున్నాడు, ఊరి పేరు ఏదైనా చెబుతుందేమోనని.

"మీరే కదా తీతా చెప్పారు," అంది జొవెలిన్ చివరికి, చిన్నపిల్ల గొంతుతో. "దిగొద్దని. ఇంజన్ ఆపొద్దని. ఎవరో ఒకరు వస్తారని."

డారియా ఆమె పేరు పిలుస్తూనే ఉంది. ఫోన్‌లో హీటర్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అది ఆగకుండా, బాగానే తిరుగుతోంది.